పందికి తగలని తూటా... లోపం పీటలోనే!

వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళకి, మొక్కజొన్న కండె పాలు పట్టే వేళకి అడవిపంది ఎక్కడున్నా వాసన పట్టి వచ్చేస్తుంది. రాత్రి ఒక్క గుంపు దిగిందంటే తెల్లారేసరికి చేను దున్నేసినట్టే ఉంటుంది. తిన్నది తక్కువ, తొక్కి పెళ్లగించింది ఎక్కువ. ఎకరం, రెండెకరాలు కౌలుకి చేసుకునే రైతుకి ఆ ఒక్క రాత్రితో పెట్టుబడి మొత్తం మట్టిలో కలిసిపోతుంది. మంచె కట్టి డబ్బాలు కొట్టినా, పాత చీరలు చుట్టూ కట్టినా, టపాసులు కాల్చినా నాలుగు రోజులు బెదురుతుంది. అయిదో రోజు మళ్లీ వస్తుంది.

కొందరు రైతులు విసిగిపోయి చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఆ తీగకి పంది కంటే ముందు పక్క చేను రైతో, మీ ఇంటి మనిషో, మీ ఎద్దో తగులుతుంది. కేసు, జైలు సంగతి సరేసరి, పోయిన ప్రాణం తిరిగి రాదు. నాటుబాంబులూ అంతే.

ఇక మిగిలేది చట్టం ఒప్పుకునే దారి. అటవీశాఖ అనుమతి తీసుకుని, లైసెన్సు ఉన్న షూటరుని పిలిపించుకోవడం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 11వ సెక్షను ఇందుకే ఉంది. పంటకి, ఆస్తికి, మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చిన జంతువుని చంపడానికి అధికారి కారణాలు చూపిస్తూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అడవిపంది పాత జాబితాలో మూడో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించాక, 2023 ఏప్రిల్ 1 నుంచి రెండో షెడ్యూలులో ఉంది. షెడ్యూలు మారినా 11వ సెక్షను కింద అనుమతి దారి మూసుకుపోలేదు. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకే ఈ అనుమతి ఇచ్చే అధికారం అప్పగించారు. అనుమతి కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలన్నది రాష్ట్రాన్ని బట్టి, వచ్చిన ఉత్తర్వుని బట్టి మారుతుంటుంది. అందుకని ముందు మీ ఫారెస్టు రేంజి ఆఫీసుకి వెళ్లి అడగండి. నోటిమాట అనుమతి అనుమతి కాదు.

సరే, అనుమతి వచ్చింది. ఊరంతా తలా కొంత వేసుకుని షూటరుకి ప్రయాణం ఖర్చులు, భోజనం ఏర్పాటు చేశారు. రాత్రి ఒంటిగంటకి గుంపు దిగింది. తుపాకి పేలింది. పంది ఒక్క అరుపు అరిచి తుప్పల్లోకి పోయింది. తెల్లారి వెళ్లి చూస్తే నాలుగు నెత్తురు చుక్కలు, అంతే. షూటరు మంచివాడే, చెయ్యి వణకలేదు, దూరమూ పెద్దగా లేదు. మరి తూటా ఎందుకు పక్కకి పోయింది?

చాలాసార్లు జవాబు రైఫిలు మీద ఉన్న టెలిస్కోపు కింద, వేలెడంత ఇనుప పట్టీలో ఉంటుంది. ఈ వారం దాని గురించే. తుపాకి సంగతి మాకెందుకు అనుకోకండి. దెబ్బతిని తప్పించుకున్న పంది ఉండేది మీ చేను గట్టు పక్క తుప్పలోనే. పొద్దున్నే కలుపుకో, గడ్డికో అటు వెళ్లేది మీ ఇంటి ఆడవాళ్లే.

ఏతం లెక్క

రైఫిలు గొట్టం వెనక భాగంలో, గడియ ముందుకీ వెనక్కీ కదిలే ఉక్కు పెట్టె ఉంటుంది. దాన్ని రిసీవరు అంటారు. దాని నెత్తిన ఒక పట్టీని మరలతో బిగిస్తారు. ఇంగ్లీషువాళ్లు బేసు అంటారు, మనం పీట అనుకుందాం. ఆ పీట మీద రెండు రింగులు, ఆ రింగుల మధ్య టెలిస్కోపు. అంటే షూటరు కన్ను చూసే చోటుకీ, తూటా వెళ్లే చోటుకీ మధ్య ఉన్న సంబంధమంతా ఆ పీట చేతిలో ఉంది. పీట కదిలితే కన్ను ఒక దారి, తూటా ఒక దారి.

ఎంత కదిలితే ఎంత తేడా వస్తుందో ఏతం చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇరుసు దగ్గర బెత్తెడు కదిలితే కొస దగ్గర బార కదులుతుంది. ఇక్కడా అదే. టెలిస్కోపుని పట్టుకున్న రెండు రింగుల మధ్య దూరం సుమారు 13 సెంటీమీటర్లు. వెనక రింగు దగ్గర పీట కేవలం పావు మిల్లీమీటరు లేచిందనుకోండి. అంటే పల్చటి అట్టముక్క మందం. 50 మీటర్ల దూరంలో తూటా తొమ్మిదిన్నర సెంటీమీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల దగ్గరైతే 19 సెంటీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు.

పందికి తగిలితే అక్కడికక్కడే పడిపోయే చోటు ముందుకాలి బుజం వెనక, కాస్త కింద ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు అక్కడున్నాయి. పెద్ద పందికైనా ఆ చోటు చిన్న పళ్లెం అంత, ఆరంగుళాలు ఉంటుందంతే. నడిమధ్యకి గురిపెట్టినా నాలుగంగుళాలు తప్పిందంటే తూటా పొట్టలోకో, కాలిలోకో, కొవ్వులోకో పోతుంది. పంది చావదు. అడవిపంది మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుని పోయే జంతువే. దెబ్బతిన్నది మాత్రం తప్పుకోదు. తుప్పలో పడుకుని ఉండి, దగ్గరికి వచ్చినవాడి మీదికి ఒక్కసారిగా దూకుతుంది. మగపంది కోర మనిషి తొడ ఎత్తులోనే ఉంటుంది. తొడలో పెద్ద రక్తనాళం తెగితే ఆసుపత్రికి చేరేదాకా బతకడం కష్టం. గురి తప్పిన తూటా కంటే అసలు పేలని తూటాయే నయం.

మర ఎందుకు వదులవుతుంది

ట్రాక్టరు మీద, మోటారు దగ్గర మీకు తెలియంది కాదు. అదిరే చోట నట్టు వదులవుతుంది. రైఫిలులో ఆ అదురు మోటారులాగా సన్నగా ఎడతెగకుండా ఉండదు, ఒక్క గుద్దులా వస్తుంది. తూటా ముందుకి పోతే రైఫిలు వెనక్కి తంతుంది. అర కిలో బరువుండే టెలిస్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. కింద రైఫిలు వెనక్కి, పైన టెలిస్కోపు ముందుకి. ఈ రెంటి మధ్య నలిగేది పీటని పట్టుకున్న మరలు. చాలా రైఫిళ్లలో ఆ మరలు మూడున్నర మిల్లీమీటర్ల లావు, అంతే. అలాంటివి రెండో, మూడో, నాలుగో ఉంటాయి. రాత్రి చూపు కోసం వాడే టెలిస్కోపులు ఇంకా బరువు గనక మరల మీద భారం ఇంకా ఎక్కువ.

దానికి తోడు మన రోడ్లు. జీపు వెనక సీట్లో రైఫిలు పడేసి, గుంతల్లో ఇరవై కిలోమీటర్లు ఎగరేసుకుంటూ వచ్చి, దిగగానే చేనులోకి వెళ్లిపోతే మర ఏ స్థితిలో ఉందో ఎవరికి తెలుసు? కొందరు టెలిస్కోపునే పిడిలాగా పట్టుకుని రైఫిలు ఎత్తుతారు. అలా ఎత్తేవాణ్ణి చూస్తే నాకు ఆ రాత్రి మీద నమ్మకం పోతుంది.

బిగింపు ఎలా ఉండాలి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పని మీరు చెయ్యకూడదు, మీ ఊరి వెల్డింగు షాపు అబ్బాయి చెయ్యకూడదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకి మరమ్మతు చేసేవాడికి కూడా ఆ పనికి లైసెన్సు ఉండాలి. పరాయివాడి రైఫిలు చేతిలోకి తీసుకోవడం కూడా మంచిది కాదు. కాని పని ఎలా జరగాలో తెలిస్తే, జరిగిందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. మీలో పంట రక్షణకి లైసెన్సు తీసుకుని తుపాకి ఉంచుకున్నవాళ్లుంటే, మరమ్మతుదారు దగ్గర కూర్చుని దగ్గరుండి చేయించుకోవచ్చు. పన్నెండు బోరు తుపాకివాళ్లకి, ముందునుంచి మందు కూరే తుపాకివాళ్లకి ఈ బెడద లేదు. వాటికి టెలిస్కోపు అవసరం పడదు.

మొదటి పని శుభ్రం. కొత్త రైఫిలైనా, పాతదైనా మరల రంధ్రాల్లో నూనె ఉంటుంది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే పూస్తారు. నూనె మీద మర బిగిస్తే అది బిగిసినట్టే ఉంటుంది, పది తూటాలు పేలేసరికి జారుతుంది. అసిటోనులో ముంచిన దూదితో రంధ్రాలు, మరలు, పీట అడుగు, రిసీవరు నెత్తి అన్నీ తుడవాలి. ఆడపిల్లలు గోళ్లరంగు తీసే మందులో చాలావాటికి మూలం ఈ అసిటోనే. తుడిచి ఆరనివ్వాలి. వేలితో ముట్టకూడదు. చెమట కూడా జిడ్డే.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది. పీట రిసీవరు మీద సరిగా కూర్చుందా లేదా అన్నది. వడ్రంగి తలుపు చెక్కని చదును బల్ల మీద పెట్టి కింద వెలుగు వస్తోందేమో చూస్తాడు కదా, అదే పరీక్ష. ముందు మరలు మాత్రమే బిగించి వెనక వైపు పీట కింద సందు ఉందేమో చూడాలి. సన్న కాగితం ముక్క దూరుతోందంటే సందు ఉన్నట్టే. తర్వాత అవి విప్పి, వెనక మరలు మాత్రమే బిగించి ముందు వైపు చూడాలి. రెండు పక్కలా కాగితం దూరకపోతే పీట సరిగా కూర్చుంది.

సందు ఉండి కూడా అన్ని మరలూ బలంగా బిగించేస్తే ఏమవుతుంది? సందు కనపడదు. పీట విల్లులా వంగి కూర్చుంటుంది. వంగిన విల్లు ఎప్పుడూ తిరిగి సాగాలనే చూస్తుంది. పైన రింగులు ఒక వరుసలో ఉండవు, టెలిస్కోపు గొట్టం మెలిపడుతుంది. వేసవి ఎండకి ఒక రకంగా, చలికాలం మంచుకి ఒక రకంగా గురి మారుతుంది. షూటరు మాత్రం తూటాల పెట్టె మంచిది కాదని తిట్టుకుంటాడు. సందు ఉంటే దానికి సరిపడా పల్చటి ఉక్కు రేకు వెయ్యాలి, లేదా ఎపాక్సీ జిగురు పరిచి పీట దాని మీద తనంతట తాను కూర్చునేలా చెయ్యాలి. రిసీవరుకి జిగురు అంటుకుపోకుండా మైనపు పూత ముందే వేస్తారు. ఇది తెలిసిన మరమ్మతుదారు పని, గంటలో అయ్యేది కాదు.

మూడోది మర పొడుగు. ముందు మర కింద గొట్టం మొదలు, గడియ తాళం పడే చోటు ఉంటాయి. మర ఒక పేట పొడుగైనా గడియకి రాసుకుంటుంది. గడియ బిగుతుగా పడుతోందంటే అనుమానించాలి. ఇంకో మోసం కూడా ఉంది. పొడుగు మర అడుగుకి తగిలి ఆగిపోతుంది, చేతికి బిగిసినట్టే తెలుస్తుంది, పీటని మాత్రం పట్టుకోదు. పొట్టి మర అయితే రెండు పేటలే పట్టి, రెండో తూటాకే పేటలు తెగిపోతాయి. పీటతో పాటు వచ్చిన మరల్లో ముందుది ఒక పొడుగు, వెనకది ఒక పొడుగు ఉండడం మామూలే. వాటిని తారుమారు చెయ్యడమూ మామూలే.

బిగింపు బలం ఎంత? మన దగ్గర బిగింపంటే పళ్లు బిగపట్టి లాగడమే. బోరు మోటారు బోల్టుకి అది చెల్లుతుంది. మూడున్నర మిల్లీమీటర్ల మరకి చెల్లదు, తల తెగిపోతుంది, లేకపోతే పేటలు అరిగిపోతాయి. పీట మరలకి 15 నుంచి 20 అంగుళాల పౌన్ల బిగింపు చాలు. మన లెక్కలో చెప్పాలంటే 10 సెంటీమీటర్ల పొడుగు రెంచి కొసకి రెండు కిలోల తూకం రాయి వేలాడగడితే ఎంత బలమో అంత. దాన్ని కొలిచే టార్కు రెంచి అని ఒక పనిముట్టు ఉంది. పీట తయారుచేసినవాళ్లు కాగితం మీద వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పాటించాలి. అల్యూమినియం పీట, ఉక్కు పీట ఒకటి కాదు.

బిగించే ముందు మర పేటల మీద నీలిరంగు లాక్ జిగురు ఒక్క చుక్క వేస్తారు. అదురుకి మర తిరగకుండా అది పట్టి ఉంచుతుంది, కావాలంటే మామూలు పనిముట్టుతో విప్పుకోవచ్చు. ఎర్రరంగు జిగురు వెయ్యకూడదు. అది వేస్తే విప్పడానికి కాల్చాల్సి వస్తుంది, తుపాకి రిసీవరుని కాల్చడం అంటే ఉక్కు పదును పాడుచేసుకోవడమే. జిగురు తడిగా ఉన్నప్పుడు మర నున్నగా తిరుగుతుంది గనక బిగింపు కాస్త తగ్గించినా చాలు. తర్వాత ఒక రోజు పూర్తిగా కదపకుండా ఉంచాలి. సాయంత్రం బిగించి రాత్రికి చేనులోకి వచ్చే షూటరుకి ఈ సంగతి తెలియదన్నమాట.

రింగుల విషయం తొందరగా చెప్పేస్తాను. పీటలో అడ్డగాడి ఉంటే రింగుని ఆ గాడిలో ముందుకి, గొట్టం వైపుకి నెట్టి ఆనించి అప్పుడు బిగించాలి. తన్నినప్పుడు టెలిస్కోపు ముందుకే పోవాలని చూస్తుంది గనక ముందే ఆనించి ఉంటే ఇక పోవడానికి చోటుండదు. రింగు మూత మరలు ఒకవైపంతా బిగించి రెండో వైపుకి పోకూడదు. పంపు ఫ్లాంజి బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తాం చూడండి, అలాగే. టెలిస్కోపులో కనిపించే నిలువు గీత నిటారుగా ఉందో లేదో చూడడానికి తాపీమేస్త్రీ తూకం గుండు దారం కట్టి దూరంగా వేలాడదీస్తే చాలు. కంటికీ టెలిస్కోపుకీ మధ్య మూడు, మూడున్నర అంగుళాలు ఉండాలి. లేకపోతే తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లుతుంది.

పాత .315 ఉన్నవాళ్లకి

మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర కనిపించే రైఫిళ్లలో .315 ఒకటి. కలకత్తా దగ్గర ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. దాని కట్టుబడి పాత బ్రిటిషు సైన్యం లీ ఎన్‌ఫీల్డు రైఫిలుది. ఆ రిసీవరు నెత్తి చదునుగా ఉండదు, పీట కోసం మరల రంధ్రాలూ ఉండవు. దాని మీద టెలిస్కోపు కూర్చోబెట్టడం ఆనాటి బ్రిటిషు సైన్యానికే తలనొప్పి అయింది.

రెండో ప్రపంచయుద్ధంలో వాళ్లు చేసిన పద్ధతి చూడండి. ఎంపిక చేసిన నంబర్ 4 రైఫిళ్లని హాలండ్ అండ్ హాలండ్ అనే పేరున్న తుపాకుల కంపెనీకి పంపారు. రిసీవరు ఎడమ పక్కన రెండు ఉక్కు దిమ్మెలు మరలతో బిగించి, టంకం కూడా వేసి, మర తలలు తిరగకుండా సుత్తితో నొక్కు కొట్టారు. ఆ దిమ్మెలకి టెలిస్కోపు చట్రాన్ని చేత్తో తిప్పే రెండు పెద్ద మరలతో తగిలించారు. ఏ రైఫిలుకి సరిచేసిన టెలిస్కోపు నంబరు ఆ రైఫిలు కర్ర మీదే చెక్కారు, ఒకదానిది ఇంకోదానికి తగిలించకూడదని. మర ఒక్కదాన్నే నమ్మలేదు, టంకం, నొక్కు, నంబరు అన్నీ కలిపి నమ్మారు.

ఇప్పుడు .315 మీద ఎవరైనా గొట్టం మీద పట్టీలాంటిది చుట్టి, రంధ్రాలు లేకుండా టెలిస్కోపు తగిలించుకుని వస్తే అది ఎన్ని తూటాలకి నిలుస్తుందో అనుమానమే. గట్టి ఉక్కుకి రంధ్రాలు వెయ్యడం లైసెన్సు ఉన్న నేర్పరి తప్ప ఇంకెవరూ తలపెట్టకూడని పని. నలభై మీటర్ల లోపు, వెలుతురు సరిగా ఉంటే, ఆ రైఫిలుకి ఫ్యాక్టరీ ఇచ్చిన ఇనుప గురే చాలు. వదులు టెలిస్కోపు కంటే గట్టి ఇనుప గురి ఎన్నో రెట్లు మేలు. షూటరుతో ఆ మాట అనడానికి మొహమాటపడకండి.

కాగితం మీద పరీక్ష

ఇంతా చేసి పీట గట్టిగా ఉందని ఎలా తెలుస్తుంది? ఒకే ఒక్క రుజువు కాగితం. అనుమతి ఉన్న ఫైరింగు రేంజిలో, వెనక మట్టికట్ట ఉన్నచోట ముందు 25 మీటర్లకి, తర్వాత ఎంత దూరంలో పందిని కాల్చాల్సి వస్తుందో అంత దూరానికి కాగితం పెట్టి కాలుస్తారు. రైఫిలు ఇసుక సంచి మీద ఆనించి మూడు తూటాలు. మూడూ ఒకచోట పడి, ఆ చోటు నడిమధ్యకి దూరంగా ఉంటే బెంగలేదు, టెలిస్కోపు మీదున్న మీట తిప్పి సరిచేస్తారు. ఎక్కువ టెలిస్కోపుల్లో మీట ఒక్క టిక్కుమంటే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. 50 గజాల దగ్గర అందులో సగం.

మూడు తూటాలు మూడు దిక్కులా పడితే పీటనో, రింగులనో అనుమానించాలి. అన్నిటికంటే మోసం చేసేది ఇంకోటుంది. మూడూ ఒకచోటే పడతాయి, మర్నాడు మళ్లీ కాలిస్తే ఆ మూడూ ఒకచోటే పడతాయి, కాని నిన్నటి చోట కాదు. షూటరు మళ్లీ మీట తిప్పుతాడు. మూడో రోజు మళ్లీ ఇంకోచోట. ఇలా రోజూ మీట తిప్పే రైఫిలు పీట వదులైనదే. మీట తిప్పి ఆ జబ్బు నయం చెయ్యలేరు. విప్పి, తుడిచి, మళ్లీ మొదటినుంచి బిగించాల్సిందే.

అందుకని షూటరు రాగానే మీరు అడగాల్సింది ఏ మృగాలని కొట్టావు అని కాదు. గురి చివరిసారి ఎప్పుడు కాగితం మీద చూశావు, ఆ కాగితం ఉందా అని. వారం లోపు తేదీ ఉన్న కాగితం చూపిస్తే ఆ మనిషికి పని మీద శ్రద్ధ ఉన్నట్టు. విసుక్కుంటే ఆ రాత్రికి మంచె మీద మీ డబ్బాలే నయం.

ఇంకో చిన్న గుర్తు ఉంది. శ్రద్ధ ఉన్నవాళ్లు మర బిగించాక మర తల మీదినుంచి పీట మీదికి గోళ్లరంగుతో సన్నగీత గీస్తారు. మర ఏమాత్రం తిరిగినా గీత విరిగి రెండు ముక్కలవుతుంది. రైఫిలు ముట్టకుండానే, టార్చి వెలుగులో కంటితో చూసి చెప్పొచ్చు. జీపు దిగగానే ఒకసారి, చేనులోకి వెళ్లే ముందు ఒకసారి చూడమని అడగండి. రైఫిలు ఎక్కడైనా పడిందని, గట్టుకి కొట్టుకుందని షూటరే చెబితే గీత విరగకపోయినా ఆ రాత్రికి పని ఆపాలి. ఊరు వేసుకున్న ఖర్చు పోతుందని బలవంతం చెయ్యకండి.

దెబ్బ తగిలి పంది పడకుండా పోతే ఎవరూ వెంటపడకూడదు. కర్రలు, కుక్కలు తీసుకుని కుర్రాళ్లు చీకట్లో తుప్పల్లోకి దూరడం ఊళ్లలో మామూలే, ప్రాణాలు పోయేది అప్పుడే. నెత్తురు చుక్క పడినచోట రాయి పెట్టండి, అది ఏ దిక్కుకి పోయిందో గుర్తుపెట్టుకోండి, రేంజి ఆఫీసుకి ఫోను చెయ్యండి. తెల్లారాక షూటరు, అటవీ సిబ్బంది వెళ్లి వెతుకుతారు. ఆ తుప్పల వైపు చేలకి ఆ పూట ఎవరూ పనికి పోకుండా ఊళ్లో చాటింపు వేయించండి. పంది దొరికినా దాన్ని పంచుకోవాలని చూడకండి. అనుమతితో చంపిన జంతువు కూడా 39వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆస్తి. ఏం చెయ్యాలో అటవీ సిబ్బంది చెబుతారు.

దరఖాస్తు విషయంలో ఒక లెక్క వేసుకోండి. రాతపూర్వక అనుమతికి రోజులు పడతాయి. షూటరు రైఫిలు సరిచేయించుకోవాలంటే జిగురు ఆరడానికి ఒక రోజు, కాగితం మీద చూసుకోవడానికి కనీసం రెండు రోజులు కావాలి. కాబట్టి వేరుశనగకి ఊడలు దిగుతున్నప్పుడే, మొక్కజొన్నకి జల్లు కనిపించగానే రేంజి ఆఫీసులో కాగితం పెట్టండి. సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం రాసి, పంది తొక్కిన చోటు ఫోటోలు జతచేసి, దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి. పక్క చేల రైతులు నలుగురూ కలిసి ఒకే దరఖాస్తు మీద సంతకాలు పెడితే షూటరు ఖర్చు తలా కొంత పడుతుంది, ఒక్కొక్కరూ ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమ కూడా తగ్గుతుంది.